రంగూన్ హోటల్లో మొదటి పంక్తి

ఎజ్రా క్లారినెట్టు ఎత్తుకున్నాడంటే తర్లుపాడు చుట్టుపక్కల పెళ్ళికొడుకు కూడా తాళి పక్కనబెట్టి వినాల్సిందే. ఇది నేను కల్పించి చెప్తున్న మాట కాదు. కొనకనమిట్ల నుంచి కంభం దాకా ఎవర్నన్నా అడగండి, ఇదే చెప్తారు. మనిషిని చూస్తే ఏముంది? బక్కపలచటి ఒళ్ళు, లోపలికి పోయిన కళ్ళు, మాట్లాడితే పక్కనోడికి కూడా సరిగ్గా వినపడదు. ఆ గొట్టం నోట్లో పెట్టుకున్నాడా, అబ్బో, వీడేనా వాడు అనిపిస్తాడు. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదనే ఉంటుంది.

అతనికి ఊహ తెలియకముందే నాయన పోయినాడు. పెంచి పెద్ద చేసింది మేనమామ కోటయ్య. కోటయ్యది తప్పెట. పెళ్ళికీ చావుకీ జాతరకీ ఆయన తప్పెట లేకుండా ఆ వైపున ఏదీ జరిగేది కాదు. మేనల్లుణ్ణి మిషన్ బడికి పంపిస్తే అక్షరాలు అంతంతమాత్రంగా వచ్చినాయి కానీ కీర్తనల రాగాలు మాత్రం ఒక్కసారి వింటే చాలు, పట్టేసేవాడు. అట్లా ఉండగా రైల్వేలో పనిచేసే ఓ ముసలి గార్డు ఊరు విడిచిపోతూ పాత క్లారినెట్టు ఒకటి అమ్మకానికి పెట్టినాడు. కోటయ్య వెనకాముందు చూడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క బర్రెనూ తోలుకుపోయి గార్డుకిచ్చి ఆ గొట్టం తెచ్చినాడు.

"బర్రె అయితే పాలిచ్చేది. ఇదేమిస్తుంది, నీ మొహం!" అని కోటయ్య పెళ్ళాం నెత్తీ నోరూ కొట్టుకుంది.

"కూడు పెడుతుంది, ఉండవే," అన్నాడు కోటయ్య.

పెట్టింది. ఎజ్రా ఆ గొట్టంతో కుస్తీపట్టి, ఊపిరి బిగబట్టి, పొలాల గట్ల మీద కూర్చుని, ఊరవతల మాలమాదిగల పాలెంలో వాళ్ళ చేత తిట్లు తిని, చివరికి దాన్ని దారిలోకి తెచ్చుకున్నాడు. కోటయ్య తప్పెట అవతల పెట్టి పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. గిద్యోను అని ఓ నవ్వులాటగాడు సైడు డ్రమ్ముకు దొరికినాడు. ఇంకో ముగ్గురు బాకాలు పట్టినారు. బ్యాండు మేళం అయింది. కోటయ్య తన కూతురు ఎలీషబానే ఎజ్రాకిచ్చి పెళ్ళి చేసి, మేనల్లుణ్ణి అల్లుణ్ణి కూడా చేసుకున్నాడు.

అంతా బాగానే ఉంది. ఒక్కటే ముల్లు ఎజ్రా గొంతులో గుచ్చుకుని ఉండిపోయింది.

పెళ్ళిళ్ళలో మేళగాళ్ళ భోజనం సంగతి తెలుసు కదా. ఊళ్ళో వాళ్ళంతా పంక్తులు పంక్తులుగా కూర్చుని తింటుంటే వీళ్ళు పందిరి అంచున నిలబడి వాయిస్తూ ఉండాలి. ఒక పంక్తి లేస్తుంది, ఇంకోటి కూర్చుంటుంది. అన్నీ లేచినాక, ఇంక తినేవాడు ఎవడూ లేడని తేలినాక, పెరట్లో దొడ్డి పక్కన వీళ్ళకు ఆకులు పడతాయి. మేళగాళ్ళు కావడం ఒకటి, పాలెం వాళ్ళు కావడం ఒకటి. ఒక పెళ్ళిలో కోటయ్య జ్వరంతో పొద్దుటి నుంచి డ్రమ్ము మోసి మోసి, చివరికి ఆకు ముందు కూర్చుంటే, అన్నం అయిపోయిందన్నారు. ఆకులో ఇంత పులుసు పోసినారు. కోటయ్య ఆ పులుసు వేళ్ళతో నాకి, "బాగుందమ్మా," అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు. అదే ఎజ్రాకు కాలింది. మామను ఒక్కపూటైనా మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, ఆయన తిన్నాకే ఇంకొకరు తినేటట్టు చెయ్యకపోతే నేను ఎజ్రానే కాదనుకున్నాడు.

అనుకోవడం సులువే. ఎవరి పెళ్ళిలో కూర్చోబెడతాడు? ఎవరు కూర్చోనిస్తారు? ఏళ్ళు గడిచినాయి. కోటయ్యకు చేతులు వణకడం మొదలైంది. దెబ్బ ఒకచోట వెయ్యబోతే ఇంకోచోట పడుతోంది. "ఈ మార్కాపురం పందెం వాయించి డ్రమ్ము దించేస్తా అల్లుడా," అని ఆయన తేల్చి చెప్పేసినాడు. డ్రమ్ము దించినాక మామ మళ్ళీ పాలెం దాటడని ఎజ్రాకు తెలుసు.

ఆ పందెం ఏందంటే, మార్కాపురంలో తాలూకా పశువుల ప్రదర్శన పెట్టినారు. తెల్లదొర వస్తున్నాడు కాబట్టి హంగు ఉండాలి కదా, బ్యాండు మేళాలకు కూడా పందెం పెట్టి వెండి కప్పు ఇస్తామన్నారు. గిద్దలూరు మేళం వచ్చింది, జరీ టోపీలు పెట్టుకుని. పామూరు మేళం వచ్చింది, మెడలో నగిషీ పతకాలు వేసుకుని. మనవాళ్ళకు ఉన్నవల్లా ఎలీషబా సోడా వేసి ఉతికిన తెల్ల చొక్కాలు. ఆడవాళ్ళు ఎందుకని ఎజ్రా గొణిగితే, "నేను ఉతికిన చొక్కాలు పందెం వాయిస్తుంటే నేను చూడొద్దా?" అని ఆమె కూడా బండెక్కేసింది.

ఏం వాయించినారయ్యా ఆ రోజు! గిద్దలూరు వాళ్ళు వాయిస్తుంటే జనం తల ఊపినారు. పామూరు వాళ్ళు వాయిస్తుంటే చప్పట్లు కొట్టినారు. ఎజ్రా క్లారినెట్టు లేచేసరికి మైదానంలో కట్టేసిన ఎద్దులు కూడా మేత ఆపినాయని గిద్యోను ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. వాడి మాటలో సగం తీసేసినా, జనం బండ్ల మీదికెక్కి ఈలలు వేసింది మాత్రం నిజం. మధ్యలో కోటయ్య చెయ్యి ఒకసారి తప్పింది. ఎజ్రా కంగారుపడలేదు. ఆ తప్పిన దెబ్బ మీదనే రాగాన్ని మళ్ళించి, అది కావాలనే వేసినట్టు చేసి, మామ వైపు చూసి కన్నుగీటినాడు. కోటయ్య మొహం వెలిగిపోయింది.

కప్పు వీళ్ళకే వచ్చింది. దొర చేతుల్లోంచి తీసుకున్నది కోటయ్య. గిద్యోను ఎగిరి గంతేసి చొక్కా గుండీలు తెంపుకున్నాడు. ఎలీషబా అందరి ముందూ ఎజ్రా భుజం మీద ఒక్కటి చరిచింది. అది మెచ్చుకోలు. ఎజ్రాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"బొరుగులు కొనుక్కుని బండెక్కుదామా?" అన్నాడు కోటయ్య, కప్పు కండువాలో చుట్టుకుంటూ.

"బొరుగులా?" ఎజ్రా గొంతు మొదటిసారి పదిమందికీ వినపడింది. "రంగూన్ హోటలుకు పోతున్నాం. అందరం. కుర్చీల మీద కూర్చుని తిందాం."

మేళం మొత్తం నోరు తెరుచుకుని చూసింది. రంగూన్ హోటలంటే మాటలా! కాటమరాజనే ఆయన రంగూన్లో పెద్ద హోటల్లో చాలాకాలం వంటవాడిగా చేసి, తిరిగొచ్చి, మార్కాపురం బజార్లో పెట్టిన హోటలు అది. గోడల నిండా నిలువుటద్దాలు, పాలరాయి పరిచిన బల్లలు, వంపు తిరిగిన కుర్చీలు, పింగాణీ పళ్ళాలు, మూలన గ్రామఫోను. తాలూకా కచ్చేరీ గుమాస్తాలు, పలకల వ్యాపారులు తప్ప ఇంకొకరు లోపలికి అడుగుపెట్టింది తక్కువ.

"మనల్ని రానిస్తారా నాయనా?" కోటయ్య గొంతు తగ్గించినాడు.

"రానియ్యకపోతే అప్పుడు చూద్దాం. పద మామా."

దీపాల వేళకు హోటలు ముందు నిలబడినారు. లోపల పెట్రోమాక్సు లైట్లు అద్దాల్లో పడి ఒకటి పదిగా కనిపిస్తున్నాయి. గిద్యోను గుమ్మంలోనే అద్దంలో తన్ను తానే చూసుకుని, ఎవరో పెద్దమనిషి అనుకుని, "నమస్కారం అయ్యా," అని వంగినాడు. ఎలీషబా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వలేక చచ్చింది.

కాటమరాజు గల్లా దగ్గర నుంచి లేచొచ్చినాడు. గళ్ళ లుంగీ, తెల్ల బనీను, మీసం మెలేసి ఉంది.

"పొద్దున కప్పు కొట్టింది మీరే గదా? నేనూ విన్నా. రండి, రండి! ఇదిగో, ఈ మధ్యలో పెద్ద బల్ల."

ఓ మూల భోంచేస్తున్న షావుకారు ఒకాయన చెయ్యి ఆపి, "ఏమయ్యా కాటమరాజూ, వీళ్ళనా? లోపలికా?" అన్నాడు.

"రంగూన్లో అందరికీ ఒకే బల్ల మీద వడ్డించినా. ఇక్కడా అంతే. తమకు ఇబ్బందైతే ఆ పక్క గదిలో వేయిస్తా," అన్నాడు కాటమరాజు నవ్వుతూనే. షావుకారు గొణుక్కుని కూర కలుపుకున్నాడు. కోడికూర అంత బాగుంటుంది మరి అక్కడ.

ఎజ్రా మామను తీసుకుపోయి బల్ల తలాపున కూర్చోబెట్టినాడు. కోటయ్య కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. డ్రమ్ము మోకాళ్ళకు ఆనించుకున్నాడు. కప్పు బల్ల మధ్యలో పెట్టినారు. పళ్ళాలు వచ్చినాయి, తెల్లగా, అంచున నీలి పూలు. సన్నన్నం వచ్చింది. కోడికూర, ముద్దపప్పు, వంకాయ వేపుడు, అప్పడాలు. పాలెంలో జొన్నసంగటి తినే కడుపులు ఆ వాసనకే గోల పెట్టినాయి. కోటయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసినాడు. ఎప్పుడూ సాగదీసే మనిషి, ఆ రోజు రెండు ముక్కల్లో ముగించినాడు. అందరూ గట్టిగా "ఆమేన్" అన్నారు.

అన్నారు కానీ, ఒక్కడూ చెయ్యి పెట్టలేదు.

ఎజ్రా గిద్యోను వైపు చూసినాడు. గిద్యోను అప్పడం వైపు చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బాకా వాళ్ళు ముగ్గురూ అంతే. కోటయ్య షావుకారు పళ్ళెం వైపు చూస్తున్నాడు. ఏందిరా ఇది అనుకుని ఎజ్రా తనే మొదలుపెడదామని చెయ్యి చాపినాడు. చెయ్యి బల్ల మీదనే ఆగిపోయింది. ముందుకు పోదే! అప్పుడు తెలిసింది అతనికి. ఆ గదిలో ఇంకా జనం తింటున్నారు. జనం తింటుంటే మేళగాడు తినడం వాళ్ళ ఒంటికి తెలియని పని.

"తిను మామా," అన్నాడు నెమ్మదిగా.

"వాళ్ళు లేవనీ నాయనా. తొందరేముంది?"

షావుకారు లేచినాడు. కోటయ్య కొంచెం సర్దుకున్నాడు. ఇంతలో ఇద్దరు గుమాస్తాలు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు తిని లేచేలోపల పలకల గని మేస్త్రీలు నలుగురు వచ్చినారు. కోటయ్య మళ్ళీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. తినడానికి కూడా తన వంతు కోసం చూస్తున్నాడు ఆ ముసలాయన, ఎంత ఓపికగా!

ఎలీషబా ఇంక పట్టలేకపోయింది. "ఏంది నాయనా, ఇది పెళ్ళి అనుకున్నావా? ఇక్కడ ఒకరు లేస్తుంటే ఒకరు వస్తూనే ఉంటారు. హోటల్లో చివరి పంక్తి ఉండదు. ఇట్ల కూర్చుంటే తెల్లారుతుంది!"

"అట్లయితే మనమెప్పుడు తినాలమ్మా?" అన్నాడు కోటయ్య. నిజంగా తెలియకే అడిగినాడు.

కాటమరాజు గల్లా దగ్గర నుంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. కప్పు గెలిచినోళ్ళు తన కూర ముట్టుకోకుండా కూర్చుంటే ఏ వంటవాడి ప్రాణం ఊరుకుంటుంది? గబగబా వచ్చినాడు. "ఏం పెద్దాయనా, ఉప్పు ఎక్కువైందా? కారం తక్కువైందా? ముట్టకుండానే ఎట్ల తెలిసింది?"

కోటయ్య నొచ్చుకున్నాడు. ఎదుటి మనిషి బాధపడితే తట్టుకోలేడు ఆయన. చటుక్కున లేచి డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. "అట్ల అనుకోవద్దయ్యా. మేము వాయించకుండా ఎప్పుడూ తినలేదు. ఒక్క పాట వాయిస్తాం, అందరూ తిననీ, తర్వాత మేము తింటాం. లే అల్లుడా."

గని మేస్త్రీల్లో ఒకడు బల్ల చరిచినాడు. "ఆహా, వాయించండి! కప్పు మేళం ఇక్కడే దొరికింది!" హోటలు మొత్తం ఇటు తిరిగింది. గిద్యోను అప్పటికే డ్రమ్ము పుల్లలు తీసినాడు. బాకా వాళ్ళు లేచినారు. అందరి మొహాల్లోకీ ప్రాణం వచ్చింది. పొద్దుటి ఉషారు మళ్ళీ ఎక్కింది. వాయించడమంటే వాళ్ళకంత తేలిక. కూర్చుని తినడమే కష్టం.

ఎజ్రాకు అరికాలి మంట నెత్తికెక్కింది. క్లారినెట్టు తీసి బల్ల కిందికి నెట్టినాడు.

"కూర్చో మామా!"

ఆ గొంతు అతనిదేనా అని పెళ్ళాం కూడా తిరిగి చూసింది.

"కూర్చో. ఈ రోజు వాయించం. నువ్వు ఆ డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేసినావా, నేను రేపటి నుంచి ఈ గొట్టం ముట్టను. బర్రెను ఇచ్చి తెచ్చినావే, అది అటకెక్కుతుంది. పులుసు నాకి బాగుందన్నావు గుర్తుందా? నాకుంది. అప్పటి నుంచీ ఈ పూట కోసమే చూస్తున్నా. ఒక్కపూట, మామా! వేరేవాళ్ళు చూస్తుండగా నువ్వు కూర్చుని తినాల. నువ్వు చెయ్యి పెట్టిందాకా నేను ముట్టను. ఎవ్వరూ ముట్టరు. చూస్తా ఎంతసేపు మమ్మల్నందర్నీ పస్తుపెడతావో!"

చెప్తూ చెప్తూ ఏడ్చేసినాడు. ఏడుస్తూనే మేస్త్రీ వైపు తిరిగి, మర్యాదగానే, "రేపు పొద్దున మైదానంలో వాయిస్తాం అయ్యా, రండి. ఇప్పుడు మేము అన్నానికి వచ్చినాం," అన్నాడు.

మేస్త్రీ తల ఊపి తన పళ్ళెం వైపు తిరిగినాడు. గిద్యోను పుల్లలు జేబులో పెట్టుకుని, "తాతా, నా కడుపు సంగతి కూడా కొంచెం చూడు," అన్నాడు చిన్నగా.

కోటయ్య నిలబడే ఉన్నాడు. మేనల్లుణ్ణి చూసినాడు, కూతుర్ని చూసినాడు. తన వల్ల ఇంతమంది పస్తు అన్న మాట ఆయన్ని పట్టుకుంది. వణుకుతున్న చేతులతో డ్రమ్ము పట్టీ తల మీదుగా తీసి కింద పెట్టినాడు. ఈసారి కుర్చీ అంచున కాదు, నిండుగా కూర్చున్నాడు.

"చెయ్యి ఆపండి!" అని కాటమరాజు అరిచినాడు. అందరూ ఉలిక్కిపడినారు. ఆయన తన మనుషులను పిలిచి పళ్ళాలు తీయిస్తున్నాడు. "ఇది ఇప్పటికి చల్లారిపోయింది. కాటమరాజు హోటల్లో కప్పు గెలిచినోళ్ళు చల్లారిన కూడు తిన్నారంటే రంగూన్ దాకా పోతుంది నా పరువు. కొత్తది వార్చి తెండ్రా! కూర పొయ్యి మీద నుంచే తెండి!"

తెచ్చినారు. కాటమరాజు తనే గరిటె పట్టి మొదట కోటయ్యకు పెట్టినాడు. గది మొత్తం చూస్తోంది. గుమాస్తాలు చూస్తున్నారు, మేస్త్రీలు చూస్తున్నారు, ఎజ్రా చూస్తున్నాడు. కోటయ్య ఇంక ఆలస్యం చెయ్యలేదు. అన్ని పెళ్ళిళ్ళలోనూ చేసినట్టే, వేళ్ళన్నీ గుచ్చి, పిడికిలి నిండా అన్నం తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"అమ్మో!"

ముసలాయన ఎగిరిపడినాడు. చెయ్యి దులుపుకున్నాడు, నోరు తెరిచి హా హా అని ఊదుకున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు. ఎలీషబా కంగారుగా నీళ్ళ గ్లాసు అందించింది.

"కాలిందిరా అల్లుడా!" అన్నాడు కోటయ్య, నమ్మలేనట్టు పళ్ళెం వైపు చూస్తూ. "నోరు కాలింది! విందుకూడు వేడిగా ఉంటుందిరా! నాకు తెలియనే తెలియదు. ఇంట్లో సంగటే వేడిగా ఉంటుంది, విందుకూడు చల్లగానే ఉంటుంది, అదే దాని రుచి అనుకున్నా ఇన్నాళ్ళూ!"

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. కాలిన వేళ్ళను నోట్లో పెట్టుకుని చీకి, మళ్ళీ అదే చెయ్యి, అంతే ఆబగా అన్నంలోకి పోనిచ్చినాడు. మళ్ళీ కాలింది. మళ్ళీ "అమ్మో" అన్నాడు. ఈసారి గిద్యోను నవ్వు ఆపుకోలేకపోయినాడు, బాకా వాళ్ళు నవ్వినారు, కాటమరాజు గరిటె పట్టుకుని పడీపడీ నవ్వినాడు.

"ఊదుకుని తిను నాయనా," అనింది ఎలీషబా కళ్ళు తుడుచుకుంటూ.

"ఊదను పోవే. చల్లారిపోతుంది," అన్నాడు కోటయ్య.

ఎజ్రా పొగలు కక్కుతున్న తన పళ్ళెంలోంచి పెద్ద ముద్ద తీసినాడు. ఊదుకోకుండానే నోట్లో పెట్టుకున్నాడు.